ముడి లేని ఏడు వరసలు

పోయిన వారం పోస్టులో ఒక పలచటి కవరు వచ్చింది. విప్పితే లోపల మూరెడు పొడవున్న లినెన్ గుడ్డ పేలిక, దాని నడుమ తేనెమైనం పట్టించిన దారంతో వేసిన ఒకే ఒక్క కుట్టు వరస. గుడ్డ పసుపు తిరిగింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే గోళ్ళరంగూ మాగిన అరటిపండూ కలిసినట్టుండే ఆ పాత వాసన ఇంకా పోలేదు. పంపింది ఊటె. మా పాత ఇంటి యజమాని హెర్ బ్రూనర్ గారి కూతురు. నాన్న పోయారనీ, కొట్టంలో ఆయన పని బల్లకి ఎదురుగా గోడ మేకుకి ఈ పేలిక చివరిదాకా వేలాడుతూనే ఉందనీ, ఇది నా దగ్గరికి చేరడమే న్యాయమనిపించిందనీ రాసింది. ఆ కుట్టు నాదే. దాన్ని ఒళ్ళో పెట్టుకుని, సాయంత్రపు అసర్ నమాజు వేళ దాటిపోతున్న సంగతి కూడా తెలియకుండా కూర్చుండిపోయాను. ఒక మనిషి ప్రాణాన్ని నేను ఎంత దగ్గరగా జారవిడవబోయానో ఆ మూరెడు గుడ్డకి తెలుసు.

మేం దూదేకులవాళ్ళం. మాది నరసరావుపేట దగ్గర పల్లె. నాయన ఏకు విల్లు భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగేవాడు. వెనక అమ్మ, అమ్మ వెనక నేను. అలా తిరిగేవాళ్ళకి బడి ఎక్కడ కుదురుతుంది? అమ్మ పలక మీద అక్షరాలు దిద్దించింది, నాయన పరుపుల కొలతలతో లెక్కలు నేర్పాడు, నమాజూ కుట్టూ నానమ్మ నేర్పింది. నానమ్మకి ఆ రెండూ ఒకే పని. తెల్లారుజామున నమాజు చదివి, చాప మడవకుండానే పక్కన పాత చీరలు పొరలు పొరలుగా పరిచేది. ఇంటి నిండా దూది ధూళి, కట్టెల పొగ, ఆమె నమిలే సోంపు వాసన. వాకిట్లో నాయన విల్లు టుంగు టుంగుమంటుంటే ఆ దరువుకే ఆమె సూది నడిచేది. నానమ్మ బొంతలు ఎక్కువగా పురిటి ఇళ్ళకే పోయేవి. అందుకని ఆమెకి ఒక పట్టింపు. "పసిబిడ్డ బొంతలో ముడి ఉండకూడదే పిల్లా. వీపు కింద ఆవగింజంత ముడి గుచ్చుకున్నా బిడ్డ ఏడుస్తానే ఉంటాడు, ఎందుకేడుస్తున్నాడో తల్లికి తెలవదు" అనేది. దారం మొదలూ చివరా పొరల మధ్యకి రెండు వేళ్ళ దూరం వెనక్కి నడిపి దాచేయాలి. బొంత పూర్తయ్యాక కళ్ళు మూసుకుని చెంప ఆనించి చూసేది. ఎక్కడైనా చెంపకి తగిలితే ఆ వరసంతా విప్పించేది. నాయన పరుపులకి దబ్బనంతో వేసే కుట్లు వేరు. ఒక్కో కుట్టుకీ ఒక్కో ముడి. అది మగవాళ్ళ పని. నాకు ఎవరూ నేర్పలేదు, నేనూ అడగలేదు.

ఆ చేతులతోనే పెళ్ళయి, కొన్నేళ్ళకి మా ఆయన నాగూర్ ఉద్యోగం వెంట జర్మనీలో డార్మ్‌స్టాట్ పక్కన ఒక చిన్న ఊరికి వచ్చాను. ఇల్లు దొరకడానికి మేము పడిన అవస్థ ఈ దేశంలో ఉన్న మనవాళ్ళకి చెప్పక్కర్లేదు. పేరు చదివి కొందరు, తలగుడ్డ చూసి కొందరు, మసాలా వాసన ఊహించుకుని కొందరు వద్దన్నారు. హెర్ బ్రూనర్ ఒక్కరే, ఎనభై ఏళ్ళ మనిషి, మమ్మల్ని పైనుంచి కిందికి చూసి, "మెట్ల మీద చెప్పులు వదలకండి, నేను తట్టుకుని పడతాను" అన్నారు. అంతే, తాళంచెవులు ఇచ్చేశారు. ఆయన పైఅంతస్తులో, మేము కింద, పెరట్లో పెద్ద కొట్టం. ఊళ్ళో చిరునామా నమోదైందనే అన్‌మెల్డుంగ్ కాగితం చేతికొచ్చి, సామాను సర్దుకునే లోపే కరోనా వచ్చింది. వీధులు మూగబోయాయి. నాగూర్‌ని కుర్త్స్‌ఆర్‌బైట్‌లో పెట్టారు. "అంటే ఏంటండీ?" అని అడిగితే, "పని సగం, భయం మొత్తం" అన్నాడు. కాంట్రాక్టు పొడిగిస్తారో లేదో తెలియదు. ఇల్లు ఒక్కటే మాకు గట్టిగా ఉన్నది.

పెరటి మెట్టు మీద కూర్చుని, డార్మ్‌స్టాట్‌లో చదువుకుంటున్న ఒక తెలుగు జంటకి పుట్టబోయే బిడ్డకని బొంత కుడుతుంటే, ఒకరోజు హెర్ బ్రూనర్ రెండు మీటర్ల దూరంలో ఆగి చాలాసేపు చూశారు. "ఎవరు నేర్పారు?" అన్నారు వచ్చీరాని ఇంగ్లీషులో. నాదీ అలాంటి ఇంగ్లీషే. మా నానమ్మ అన్నాను. ఆయన ముఖం మారిపోయింది. "రండి" అని కొట్టం తలుపు తెరిచారు. లోపల, దిమ్మల మీద, చర్మం కప్పని పక్షి ఎముకల గూడులా ఒక చిన్న విమానం ఉంది.

దాని కథ తర్వాత కొద్దికొద్దిగా తెలిసింది. మొదటి యుద్ధం ముగిసేనాటికి ఆయన నాన్న పద్దెనిమిదేళ్ళ వడ్రంగి. అప్పుడూ మహమ్మారే. ఫ్లూ జ్వరంతో ఊరూరా జనం పోతున్నారు. శవపేటికలు తప్ప ఇంకేమీ చేయని ఆ చలికాలంలో, మిగిలిన చెక్కపేళ్ళు ఏరుకుని ఆ కుర్రవాడు రెక్కకి పక్కటెముకలు కోసుకున్నాడట. ఓడిన దేశం, విమానాలకి మోటార్లు పెట్టుకోవడానికి వీల్లేదన్న రోజులు. అందుకని మొదటిది మోటారు లేనిదే. కొండవాలు మీద స్నేహితులు రబ్బరు తాడుతో లాగి వదిలితే, తోక బరువై అక్కడే కూలబడింది. రెండోది ఎగిరింది కానీ తిరగమంటే తిరగక, ఎవరిదో ద్రాక్షతోటలో దిగింది. ఆంక్షలు సడలాక మూడోదానికి మోటారు సైకిలు ఇంజను బిగించాడు. రెక్కని నెత్తి మీద గొడుగులా పెట్టాడు, కిందికి చూస్తే తన ఊరు కనబడాలని. ఇద్దరు మనుషులు తోక ఎత్తి పట్టుకుని వీధిలో నడిపించుకు వెళ్ళేంత తేలిక. రెండో యుద్ధంలో ఒక చలికాలం అది పొయ్యిలోకి పోయింది. మిగిలింది ఒక ఫోటో, ఒక గోడకాగితం చుట్ట. ఆ కాగితం వెనకవైపు, వంటింటి బల్ల మీద పరుచుకుని పెన్సిలుతో గీసిన రెక్క ఉంది, అసలు కొలతలో. కొడుకు హెర్ బ్రూనర్ రిటైరైన నాటి నుంచీ ఆ గీతల మీదే నడుస్తున్నారు. "మొదటి రెక్కకి బట్ట కుట్టింది మా నానమ్మ. పెళ్ళినాటి దుప్పట్లు చింపి" అన్నారు. ఎప్పుడూ వచ్చే ఇద్దరు స్నేహితులు కరోనాతో రావడం మానేశారు. ఒకే ఇంటి కప్పు కింద ఉన్నదాన్ని నేను. బట్టని రెక్క పక్కటెముకలకి పట్టి ఉంచే ఆ కుట్టుకి ఇద్దరు మనుషులు కావాలి.

రెక్కని నిలువుగా నిలబెట్టి, అటు ఒకరు, ఇటు ఒకరు నిలబడాలి. మూరెడు సూదిని ఆయన అటునుంచి దూరిస్తే నేను ఇటు అందుకుని, పక్కటెముకకి రెండోవైపు నుంచి తిరిగి పంపాలి. ఆ రోజుల్లో మనిషికీ మనిషికీ మధ్య ఎంత దూరం ఉండాలో రేడియో రోజూ చెప్పేది. మా మధ్య ఏకంగా ఒక రెక్క ఉంది. ఆయన ముఖం నాకు కనిపించదు, నా ముఖం ఆయనకి కనిపించదు. సూది మొన మాత్రం వస్తూ పోతూ ఉంటుంది. ముడి వేసేది ఆయన. బిగించినప్పుడల్లా "ఫెస్ట్?" అని అడిగేవారు, గట్టిగా ఉందా అని. "ఫెస్ట్" అనేదాన్ని. సాయంత్రం చేతులకి మైనం వాసనతో ఇంట్లోకి వస్తే నాగూర్ ఏడిపించేవాడు. "దూదేకులోళ్ళ పిల్లవి, ఇంత దూరమొచ్చి కూడా పరుపులేనా?"

"పరుపు కాదండీ, రెక్క."

"అదే, గాల్లో పరుపు."

మొదటి రెక్క అలా పూర్తయింది. రెండో రెక్కకి వచ్చేసరికి ఆయన కళ్ళు మసకబారాయి. శుక్లాల ఆపరేషన్‌కి టెర్మిన్, అంటే ఆసుపత్రివాళ్ళిచ్చిన తేదీ, రెండుసార్లు వాయిదా పడింది. ముడి వేసే వైపు నన్ను నిలబడమన్నారు. మూడు పక్కటెముకల దాకా పక్కనుండి చూపించారు, నేను అలాగే వేశాను. ఆ ముడులు నా కంటికి బాగాలేవు. బిగుతుగా లాగిన తెల్లటి బట్ట మీద ఆవగింజల్లా పొంగి ఉన్నాయి. వేలితో తడిమినప్పుడల్లా నానమ్మ చెంప గుర్తొచ్చేది. రెక్క చివర ఏడు పక్కటెముకలు మిగిలాయి. ఆయన అటువైపు ఉన్నారు, నేను ఇటువైపు. ఎవరూ అడగని మేలు ఒకటి చేశాను. ఒక్కో వరసనీ తెగని ఒకే దారంతో, నడుమ ఎక్కడా ముడి లేకుండా, చివర్లు లోపలికి నడిపి దాచి, పసిబిడ్డ బొంత కుట్టినట్టు కుట్టాను. అటునుంచి చూస్తే తేడా తెలియదు. పని అయ్యాక ఆయన ఇటువైపు వచ్చి, కళ్ళు మూసుకుని, అరచేత్తో ఆ ఏడు వరసలూ నిమిరారు. "షోన్" అన్నారు. బాగుంది, చాలా అందంగా ఉంది అని. ముడులన్నీ పనితనంతో బట్ట లోపలికి లాగేశాననుకున్నారాయన. ముడి లేకపోవడాన్నే మెచ్చుకున్నారనుకున్నాను నేను. ఆ సాయంత్రం అల్లాకి ఎంత సంతోషంగా షుకర్ చెప్పుకున్నానో. మర్నాడు వరసల మీద పట్టీలు అంటించాం, గోళ్ళరంగు వాసనేసే వార్నిష్ పూశాం. ఆరేకొద్దీ బట్ట బిగిసి డప్పులా అయింది. కొన్నాళ్ళకి తనిఖీ అధికారి మాస్కుతో వచ్చారు. మొదటి రెక్క కుట్లు, పట్టీలు అంటించకముందే ఆయన వచ్చి చూసి వెళ్ళినవి. రెండూ ఒకే చేతి పని అనుకున్నారు. వేళ్ళతో తట్టి, మోత విని, సంతకం పెట్టారు.

విమానం నడపాల్సింది ఊటె. మ్యూనిక్‌లో ఉద్యోగం. గ్లైడర్లు నడపడంలో చిన్నప్పటి నుంచీ చెయ్యి తిరిగిన మనిషి. ఆదివారం పొద్దున ఊరి చివర గడ్డి మైదానంలో ఎగరాలని నిశ్చయం చేసుకుని గురువారం వచ్చింది. బుధవారమే హెర్ బ్రూనర్‌కి పాజిటివ్ అని తేలింది. పైగదిలో తలుపేసుకున్నారు. కిటికీలోంచి తాడు కట్టిన బుట్ట దింపితే నేను అందులో కోడి పులుసు పెట్టేదాన్ని. "నా కోసం ఆపొద్దు. ఇక్కణ్ణుంచి మైదానం కనిపిస్తుంది, చూస్తాను" అని దగ్గుతూ అరిచారు.

శుక్రవారం మధ్యాహ్నం, పెరట్లో ఆరేసిన బట్టలు తీస్తుంటే ఊటె కొట్టం తలుపు దగ్గర నుంచి పలకరించింది. "మీ చేతి కుట్లని నాన్న ఫోనులో తెగ పొగిడేవారు" అంది. రెక్క మీద చెయ్యి వేసి, ఇంట్లో ఎన్నోసార్లు చెప్పుకున్న కథ నాకు చెప్పింది. వాళ్ళ తాతగారు పైన ఎగురుతుండగా ఒక కుట్టు తెగిందట. మనం గాలి రెక్కని కిందనుంచి మోస్తుందనుకుంటాం కానీ, అంతకంటే ఎక్కువగా పైనుంచి లాగుతుంది. ఆ లాగుడుకి తెగిన చోట బట్ట బుడగలా లేచింది. అయినా అటూ ఇటూ ఉన్న ముడులు పట్టుకుని ఉండటంతో బుడగ అక్కడే ఆగింది, ఆయన దిగగలిగారు. "అందుకే ఒక్కో కుట్టుకీ ఒక్కో ముడి. ఒకటి పోయినా మిగతావి వాటికవే నిలబడతాయి. ఒకే దారమైతే మొత్తం వరస ఊడిపోయేది" అని నవ్వింది. నా చేతిలో బట్ట జారి నేల మీద పడింది. ఆమె చెయ్యి ఆనించి ఉన్నది సరిగ్గా ఆ ఏడు వరసల మీద.

ఆ క్షణమే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. బట్ట తీసుకుని ఇంట్లోకి వచ్చేశాను. నాగూర్‌కి చెప్పాను. అతను గొంతు తగ్గించి, "ఇన్‌స్పెక్టర్ సంతకం పెట్టాడుగా?" అన్నాడు.

"ఆయన చూసింది మొదటి రెక్క."

"చూడు కరీమున్. ఆ పెద్దాయన పైన జ్వరంతో ఉన్నాడు. ఇన్నేళ్ళ పని పాడయిందని ఇప్పుడు చెప్తావా? వెళ్ళిపొమ్మంటే ఎక్కడికి పోతాం? ఈ టైంలో మనకి ఇల్లెవడిస్తాడు? దారం గట్టిదేగా, తెగకపోవచ్చు."

"తెగితే?"

సందెవేళ మగ్రిబ్ నమాజుకి నిలబడితే నోటికి వచ్చిన సూరాలు కూడా తడబడ్డాయి. వేడుకోవడానికి చేతులెత్తాను కానీ ఏం వేడుకోవాలి? దారం తెగకుండా చూడమనా? అది వేడుకోవడం కాదు, నా పని దేవుడి మీదకి తోయడం. నానమ్మ అయితే ఏం చేసేది? వరసంతా విప్పించేది. పడుకునే ముందు లినెన్ ముక్కలు రెండు తీసుకుని ఒకదాని మీద ముడులతో, ఇంకోదాని మీద నా పద్ధతిలో కుట్టి పెట్టుకున్నాను.

పొద్దున ఫజర్ నమాజు అయ్యాక నాగూర్‌ని లేపాను. "నేను చెప్పేది జర్మన్‌లో చెప్పండి. ఒక్క మాట మెత్తబరచొద్దు." పెరట్లో ఊటె కాఫీ కప్పుతో నిలబడి ఉంది. పైన కిటికీ తెరిచే ఉంది. నేను రెండు ముక్కలూ పైకెత్తి చూపించాను. ముడులున్నదాంట్లో ఒక కుట్టు కత్తిరించి దారం లాగాను, కదల్లేదు. రెండోదాంట్లో ఒక్క కుట్టు కత్తిరించి లాగాను. దారం సర్రున వచ్చేసింది. గుడ్డ మీద వరుసగా చిల్లులు మిగిలాయి. "రెండో రెక్క చివర ఏడు వరసలు నేను ఇలా కుట్టాను" అన్నాను. నాగూర్ జర్మన్‌లో ఏదో పొడుగ్గా చెప్పాడు. అందులో "బహుశా" అనే మాట నాకు అర్థమైంది.

"బహుశా అని నేననలేదండీ" అన్నాను. అతను మళ్ళీ చెప్పాడు. ఈసారి పొట్టిగా.

ఊటె కప్పు మెట్టు మీద పెట్టింది. "రేపు నేను దీంట్లో కూర్చోబోతున్నాను. తెలుసా మీకు?"

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది ఈ తప్పు?"

"నిన్న. మీరు తాతగారి కథ చెప్పినప్పుడు."

"నిన్న! నిన్న మధ్యాహ్నం నుంచి నోరు మూసుకుని ఉన్నారా?"

"భయపడ్డాను" అన్నాను. అంతకంటే నిజమైన మాట నా దగ్గర లేదు. ఆమె నావైపు చూసిన చూపు ఇప్పటికీ నా ఒంట్లో ఎక్కడో గుచ్చుకునే ఉంది. కిటికీలోంచి దగ్గు వినిపించింది. "ఎన్ని వరసలు?" అన్నారు హెర్ బ్రూనర్. ఏడు వేళ్ళు చూపించాను. కిటికీ మూసుకుంది.

నాగూర్ నా పక్కకి జరిగి నిలబడ్డాడు, అందుకు అతనికి ఎప్పటికీ రుణపడి ఉంటాను. కిటికీ మళ్ళీ తెరుచుకుంది. బుట్ట నెమ్మదిగా దిగింది. అందులో నేను నిన్న పంపిన గిన్నె కడిగి ఉంది. గిన్నెలో ఒక బట్ట కత్తెర, కొత్త దారపు ఉండ, తేనెమైనం ముద్ద.

కత్తెర ఊటె తీసుకుంది. రెక్క చివర పట్టీలు చీల్చి, బట్ట కోసింది. అంత బిగుతైన బట్ట కోసినప్పుడు వచ్చే చప్పుడు, మనిషి ఊపిరి ఒక్కసారిగా వదిలినట్టుంటుంది. బట్ట తొలగించగానే ఆమె చేతులు ఆగిపోయాయి. లోపలి పక్కటెముక చెక్క మీద పెన్సిలుతో పేర్లు ఉన్నాయి. రెక్క మూసేముందు పని చేసినవాళ్ళ పేర్లు లోపల రాయడం హెర్ బ్రూనర్ నాన్ననాటి అలవాటట, బయటివాళ్ళు ఎవరూ చూడని చోట. మొదట ఆయన నాన్న పేరు, తర్వాత దుప్పట్లు చింపిన నానమ్మ పేరు, తర్వాత ఆయనది. ఆఖరున కరీమున్ అని ఉంది. నేను ఈ రెక్క మీద ఒక్క కుట్టైనా వేయకముందే, బట్ట కప్పేముందే, రాసేశారు. ఊటె చదివింది. కాసేపటికి రెక్కకి అవతలివైపు వెళ్ళి నిలబడింది. "సూది మీ వైపు నుంచి మొదలుపెట్టండి. ముడులు మీరే వేయాలి" అంది.

కొత్త బట్ట తెప్పించి, కప్పి, ఆ ఏడు వరసలూ మళ్ళీ కుట్టడానికి రోజులు పట్టాయి. రెండో రోజు హెర్ బ్రూనర్‌కి ఊపిరి అందక అంబులెన్స్ వచ్చి తీసుకెళ్ళింది. ఆసుపత్రిలోకి ఎవరినీ రానివ్వరు. మాకు చేయగలిగింది అదొక్కటే, కుట్టడం. నాయన దబ్బనం పట్టుకుని, ఒక్కో ముడి దగ్గర ఆగి, మోకాలు ఆనించి బిగించే తీరు గుర్తుచేసుకుంటూ వేశాను. ప్రతి ముడికీ లోలోపల బిస్మిల్లా. అవతలి నుంచి ఊటె గొంతు, "ఫెస్ట్?" అని. ఫెస్ట్ అనేముందు ప్రతిసారీ లాగి చూసేదాన్ని. ఒక్కోసారి ఆమె దారాన్ని విసురుగా లాగేది, అది నా మీద కోపమో నాన్న మీద బెంగో రెక్క అడ్డుండటం వల్ల తెలిసేది కాదు.

ఆయన తిరిగొచ్చారు. అల్లా దయ. ఆకులు రాలేవేళ, కుర్చీలో దుప్పటి కప్పుకుని మైదానం అంచున కూర్చున్నారు. ఊటె గొడుగులాంటి ఆ రెక్క కింద కూర్చుని గాల్లోకి లేచింది. నేను రెక్క చివర తప్ప ఇంకేమీ చూడలేదు. బట్ట ఎక్కడైనా పొంగుతుందా అని. ఊరి మీద ఒక చుట్టు, రెండో చుట్టు. తస్బీ పూసలు తిప్పుతున్నాననుకున్నాను, చూసుకుంటే చేతిలో ఏమీ లేదు, ముడులు లెక్కపెడుతున్నాను. చక్రాలు గడ్డిని తాకాక గానీ నేను ఊపిరి తీసుకోలేదని నాగూర్ ఇప్పటికీ అంటాడు. ఊటె దిగి వచ్చి ముందు నాన్న దగ్గరికి కాదు, రెక్క చివరికి వెళ్ళి తడిమి చూసుకుంది. తర్వాత నావైపు తల ఊపింది. అంతే.

ఇప్పుడు మేం డార్మ్‌స్టాట్‌లో వేరే ఇంట్లో ఉంటున్నాం. మెట్ల మీద ఎవరి చెప్పులు ఎవరివో తెలియని పెద్ద భవనం. లిఫ్టులో మనుషులు భుజాలు రాసుకుంటూ నిలబడి ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. ఆ రోజుల్లో ఒక రెక్క అడ్డం పెట్టుకుని, ముఖాలు కనిపించకపోయినా, అవతల ఉన్న మనిషి చెయ్యి ఎంత గట్టిగా లాగుతోందో నాకు తెలిసేది. ఇప్పటికీ పురిటి ఇళ్ళకి బొంతలు కుడతాను. వాటిలో ముడి వేయను. నానమ్మ చెప్పింది తప్పు కాదు, నేను తీసుకెళ్ళిన చోటు తప్పు.

ఆ కవరు వచ్చిన రోజు ఆలస్యంగా నమాజు ముగించి, పేలిక మడిచి దాచబోతూ వెనక్కి తిప్పాను. ఏడింటిలో ఒకటి ఆయన అలా మేకుకి తగిలించుకున్నారంటే, వచ్చేపోయేవాళ్ళకి నా తప్పు చూపించి పని నేర్పడానికేనని ఉత్తరం చదివినప్పుడు అనుకున్నాను. అదీ మంచిదే, నా తప్పు ఒకరికి ఉపయోగపడింది కదా అని సరిపెట్టుకున్నాను. గుడ్డ వెనక పెన్సిలు రాత ఉంది, మాసిపోయి. పక్కటెముక మీద నా పేరు రాసిన చెయ్యే. వెలుతురుకి పట్టుకుని చదివాను. "కళ్ళు మూసుకుని షోన్ అన్నది నేను" అని ఉంది.